రెండూ బొరుసులే

శనివారం పొద్దున్నే
ఐవర్ స్కెల్టనూ నేనూ
గార్ఫోర్త్ వాళ్ల దున్నిన చేలో
చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని
మట్టిని మెల్లగా ఊడుస్తున్నట్టు నడుస్తాం.
హంబర్ నది మీంచి గాలి
ముక్కు కొనలు కొరుకుతుంది.
మా ఇద్దరికీ కలిపి నూట నలభై ఏళ్లు.

మెషీన్ ముక్కితే ఇనుము.
కీచుమంటే బీరు డబ్బా చెవి,
అది మాత్రం ఎప్పుడు తవ్వినా నిన్న పుట్టినట్టే ఉంటుంది.
ఈసారి ఆ రెంటికీ మధ్య
తడబడుతూ, మింగుతూ,
నిద్రలో పలవరించినట్టు ఒక చప్పుడు.
ఐవర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు
మోకాళ్లు వద్దంటున్నా.

జానెడు లోతు.
అరచేతిలో పాలిపోయిన పచ్చ బిళ్ల.
బొటనవేలు ఆనగానే అంచు పిండిలా రాలింది.
"బొమ్మా బొరుసా?" అన్నాను.
తిప్పి చూశాడు. ఊది చూశాడు.
కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ తిప్పాడు.
"రెండూ బొరుసులే" అన్నాడు.

కంచె అవతల మిస్ పెల్ గుర్రాల బీడు ఉంది.
దాని మీద నాగలి పడలేదు, ఒక్క బస్తా మూతి విప్పలేదు.
పోయినేడు అక్కడ దొరికింది దీని తోడబుట్టిందే,
అదే సైజు, అదే రోము రాజు.
చింతగింజలా నల్లగా, నున్నగా వచ్చింది.
గడ్డంలో పాయలు లెక్కపెట్టాం.
చెవిలో మట్టి పుల్లతో తీస్తుంటే
వింటాడేమో అని గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం.

మ్యూజియంలో పిల్ల, టామ్సిన్,
రెంటినీ పక్కపక్కన పెట్టి చెప్పింది:
"ఉప్పు. పొటాష్‌లో ఉండే ఉప్పు.
రాగి ఒంట్లో దూరితే ఇక పైకి తీసినా ఆగదు,
పెట్టెలో కూడా పూస్తూనే ఉంటుంది, ఈ పచ్చ.
దానికి తోడు ఏటి ఎగువన కరెంటు గొట్టాల పొగ,
ఆ పొగలో తడిసిన వానలు.
నేల పులిసిపోయింది.
పదహారు వందల ఏళ్లు కడుపులో దాచుకుంది,
ఓ యాభై ఏళ్లలో అరిగించేసుకుంది."

ఐవర్ తలూపాడు. నేను బూట్లు చూసుకున్నాను.

ఆ పిల్లకి నేను చెప్పనిది:
ఇరవై తొమ్మిదేళ్లు ఏటి ఒడ్డున ఎరువుల ఫ్యాక్టరీలో
బస్తాల మూతులు కుట్టింది ఈ చేతులే.
గులాబీ రంగు పలుకులు,
గుప్పిట పట్టి తూకం చెప్పేవాణ్ణి.
నా కోటు ఇంట్లోకి రానిచ్చేది కాదు పౌలీన్,
పెరట్లో షెడ్డులో మేకుకు తగిలించేది,
రెండు చలికాలాలకి ఆ మేకు విరిగింది.
ఇంటి అప్పు తీరింది ఆ ఉప్పుతోనే.
పిల్లదాని వంకర పళ్లు సరయ్యాయి.
ఉప్పు తిన్నవాణ్ణి,
దాని మీద మాట పడనిస్తానా?
నేను తిన్న ఉప్పే రాజు ముఖం తిన్నది.

గట్టు మీద కూర్చుని రొట్టె విప్పాం.
ఈ చేలో పండిన గోధుమే అయ్యుంటుంది,
ఎకరానికి మూడు టన్నుల పైమాటే అని
గార్ఫోర్త్ ఎవరు దొరికితే వాళ్లకి చెబుతుంది.
రుచిగానే ఉంది.
అది కూడా రాసుకోవాలి కదా ఎక్కడో.

ఐవర్ బిళ్లని దూదిలో చుట్టాడు.
"పారెయ్" అన్నాను.
"ఎందుకు?" అన్నాడు.
"చెల్లదు."
"చెల్లడం మానేసి చాన్నాళ్లయింది లేవయ్యా.
ఎవడో దీని కోసం వంగి వెతికుంటాడు,
దొరక్క ఆ రాత్రి పెళ్లాంతో తిట్లు తినుంటాడు."
పాత ఫిల్ము డబ్బాలో వేసి మూత నొక్కాడు.

సాయంత్రం పక్క చేలోకి ట్రాక్టర్ వచ్చింది.
గార్ఫోర్త్ మేనల్లుడు చెయ్యి ఊపాడు, మేమూ ఊపాం.
వెనక పళ్లెం గిర్రున తిరుగుతోంది.
గాలి ఇటు మళ్లినప్పుడు
కొన్ని పలుకులు హెడ్‌ఫోన్ మీద టిక్కుటిక్కుమన్నాయి,
మెషీన్ మాత్రం ఏమీ అనలేదు.

భుజం మీంచి ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాను.
మా సరుకే.
కోటు దులుపుకుని
షెడ్డులో తగిలిద్దామని ఇంటికి నడిచాను.